తీసి పెట్టమన్న బరువులు

ఫిబ్రవరి, శుక్రవారం. సెలవు పూట ఆరింటికే లేచి బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపు గేటు దగ్గర బస్సు కోసం నిలబడ్డానంటే అది సరదా ప్రయాణం కాదని మీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. పొగమంచులో ఎదుటి బ్లాకు కూడా కనిపించడం లేదు. నేను వెళ్లాల్సింది ఉమ్ సలాల్, ఊరికి ఆ చివర. అక్కడ మా గ్యారేజీలో ఒక టేబుల్ మీద ఏముందో చూడాలి. అంతే పని.

నేను మెకానిక్‌ని. పాలకొల్లు దగ్గర మా ఊరు. ఇసుక దిబ్బలెక్కే బగ్గీలు బాగుచేస్తాను. మా అర్బాబ్, అంటే యజమాని, ఈ ఏడు మంచు మీద నడిచే బండి ఒకటి కొన్నాడు. ఖతార్‌లో మంచేమిటని నవ్వకండి, నేనూ నవ్వాను. బండిని ఇక్కడే సర్దించి జార్జియా కొండలకు పంపాడు. వెనకే ఆయనా, మేనేజరూ వెళ్లారు. బండి చూసుకోవడానికి మా రాజన్న వెళ్లాడు. రాజన్నది జగిత్యాల వైపు, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. అయినా గ్యారేజీ తాళంచెవి నా దగ్గర ఉంటుంది కాబట్టి పెద్దమేస్త్రీని నేనే. ఆ సంగతి నేనెప్పుడూ మరచిపోను, ఎవర్నీ మరచిపోనివ్వను కూడా.

ఆరు గంటలకు రాజన్న ఫోన్. "తమ్మీ, బండి ఎక్కుతలేదు. రేసు మొత్తం ఇచ్చినా ఏడువేల రెండొందలు దాటుతలేదు. మూల్గుతున్నది. రేపు పొద్దుగాల అర్బాబ్ పై కొండకు పోతడంట. అప్పటికి గాకపోతే నన్ను ఇంటికి తోలిస్తనంటున్నడు మేనేజర్."

ఆ ఇంజన్ నిమిషానికి ఎనిమిది వేల చుట్లు పైన తిరగాలి. లేదంటే బరువైన మంచులో బండి దిగబడుతుంది. బండి కంటే ముందు రాజన్న మునుగుతాడు. ఆయన వీసా మీద ఇంకా ఇద్దరు పిల్లల చదువుంది.

ఏడుంబావుకు బస్సు వచ్చింది. శుక్రవారం ఉదయం మెట్రో ఆలస్యంగా తెరుస్తారు, పెందలాడే బయల్దేరేవాళ్లు బస్సే నమ్ముకోండి. సీటు దొరగ్గానే రాజన్నకు ఫోన్ చేసి ఒక్కొక్కటీ అడిగాను. బెల్టు కాలిన వాసన వస్తోందా? లేదు. గాలి జాలీకి మంచు పట్టిందా? దులిపి చూశాడట, లేదు. పెట్రోలు? మంచిదే. ప్లగ్గులు? కొత్తవే.

"కింద హోటల్ దగ్గర ఎంత తిరిగింది?"

"ఏడువేల ఏడొందలు."

"పైకి పోతే?"

"ఎంత పైకి పోతే గంత తగ్గుతున్నది."

కొండ మీద గాలి పలచన, ఇంజన్‌కు బలం తగ్గుతుంది. ఈ బండి క్లచ్‌లో మూడు ఉక్కు ముక్కలుంటాయి, వెయిట్లంటాం. అవి తిరుగుతూ పుల్లీని నొక్కి గేరు పెంచుతాయి. కొండ మీద చిన్న వెయిట్లే ఉండాలి. పెద్దవి ఉంటే ముందే గేరు పెరిగిపోయి, ఘాట్ రోడ్డు మీద నాలుగో గేరులో పోయే లారీలాగా ఇంజన్ ఊపిరాడక మూలుగుతుంది.

"అన్నా, ఏ వెయిట్లు వేశావు?"

"నువ్వు జెప్పినవే తమ్మీ."

నేను చెప్పింది చిన్నవి. మరి బండికి ఏం రోగం? టేబుల్ మీద మిగిలింది ఏ సెట్టో చూస్తే తేలిపోతుంది. పక్క సీటులో సిరిసిల్ల మనిషి, డ్యూటీ దిగి పడుకోవాల్సినవాడు, నన్నే చూస్తూ అన్నాడు. "ఎవలన్న ఆస్పత్రిల ఉన్నరా అన్నా?" లేరని చెప్పాను. నమ్మలేదు.

ఎనిమిదింబావుకు నగరం మధ్య బస్టాండులో దిగి, రియాల్‌కు ఒక కరక్ టీ, దాంతో ఒక పరాఠా తీసుకున్నాను. పరాఠా సగం పారేశాను. ఉత్తరం వైపు బస్సు ఎనిమిదీ నలభైకి. పెద్ద రోడ్డు మీద దిగాక తోటల మధ్య అరగంట నడక. దారిలో నీడ లేదు, నీళ్లు వెంట తెచ్చుకోండి. తొమ్మిదీ నలభైకి గ్యారేజీ తాళం తీశాను.

టేబుల్ మీద గుడ్డ పరిచి ఉంది. గుడ్డ మీద నూనె రాసి, పక్కపక్కనే పేర్చి మూడు వెయిట్లు. తీసి చూశాను. చిన్నవి.

వెంటనే ఫోన్ చేశాను. అప్పుడు నాకు కోపం తప్ప ఇంకేం లేదు. "పెద్దవి తీసి పెట్టమని చెప్పానా లేదా?"

"గదే గదా తమ్మీ. పెద్దవి తీసి పెట్టిన."

"తీసి పెట్టడమంటే ఏంటి?"

"టేబుల్ మీదికెల్లి తీసి, క్లచ్‌ల పెట్టిన."

"నేనన్నది తీసి పక్కన పెట్టమని! బుర్ర ఉందా నీకు?"

"తప్పైంది తమ్మీ" అన్నాడు. "మనం బగ్గీలకు ఎప్పుడు పెద్దవే ఏస్తం గదా, గట్లనే అనుకున్న."

బండిని పంపేముందు అసలు జరిగింది ఇది. క్లచ్ విప్పి రెండు సెట్లూ టేబుల్ మీద పెట్టి, మధ్యలో నేను అల్ తుమామాకు వేరే పని మీద వెళ్లిపోయాను. అక్కడినుంచి ఫోన్‌లో, వేరేవాళ్లతో మాట్లాడుతూనే, "పెద్దవి తీసి పెట్టు" అని ఒక్క ముక్క పారేశాను. ఏది పక్కన పెట్టాలో, ఏది ఎక్కించాలో చెప్పలేదు. ఇది తెలియక కాదు, టేబుల్ ముందు నిలబడి ఉండగానే నాకు తెలిసింది. అయినా ఆయన తప్పైందంటే ఊరుకున్నాను. అది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను.

ఒక దారి ఉంది. అర్బాబ్ మేనల్లుడు అదే రోజు సాయంత్రం నాలుగుంబావు విమానానికి అక్కడికే వెళుతున్నాడు. రెండు గంటలకల్లా విమానాశ్రయంలో ఈ మూడు ముక్కలూ అతని చేతిలో పడితే, రాత్రికి రాజన్న దగ్గరుంటాయి. వెయిట్లు గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి పదింబావుకు రోడ్డెక్కాను.

శుక్రవారం పూట తోటల దగ్గర టాక్సీ అంటే కోరి కష్టం తెచ్చుకోవడమే. గంటసేపు నిలబడ్డాక కూరగాయల పికప్ ఒకటి ఆగింది. తోలేది సిల్హెట్ వైపు బెంగాలీ. మెట్రో దాకా దింపుతానన్నాడు. బండి పదిహేను నిమిషాలు నడిచి మసీదు ముందు ఆగింది. "జుమ్మా, భాయ్. ఇక్కడే కూర్చో" అన్నాడు హిందీలో. వద్దనడానికి నేనెవర్ని? వంకాయల బుట్టల మధ్య డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నేనూ ప్రార్థన చేశాను, నాకు తెలిసిన పద్ధతిలో. కానీ ఆమెన్ దాకా ఒక్కసారీ వెళ్లలేదు, మధ్యలో గడియారం చూడటమే సరిపోయింది.

అతను పన్నెండున్నరకు వచ్చాడు. ఒంటిగంటకు ఐదు నిమిషాలు తక్కువకు నేను రెడ్ లైన్ రైల్లో ఉన్నాను. టికెట్ రెండు రియాళ్లు. వక్రా వైపు వెళ్లే రైలూ, విమానాశ్రయం వైపు వెళ్లేదీ వేరు, బోర్డు చదివి ఎక్కండి. నేను మూడుసార్లు చదివి, ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయిని అడిగి, మళ్లీ చదివాను.

రైల్లో ఉండగానే మేనేజర్ వాయిస్ మెసేజ్ వచ్చింది. మేనేజర్ మలయాళీ, మాతో హిందీలో మాట్లాడతాడు. "తప్పు తనదేనని రాజన్న ఒప్పుకున్నాడు. రేపు బండి ఎక్కినా ఎక్కకపోయినా, ఇలాంటి మనిషి నాకు వద్దు. ఖలాస్."

ఒప్పుకున్నాడట! నేను ఒక స్టేషన్ దూరమంతా తల వంచుకుని కూర్చున్నాను. జవాబు రికార్డు చేశాను, చెరిపేశాను. మొదటిసారి "పొరపాటు జరిగింది" అన్నాను, ఎవరూ చేయకుండానే జరిగినట్టు. రెండోసారి "మా ఇద్దరిదీ" అన్నాను. అదీ చెరిపేశాను.

ఒకటీ యాభైకి మేనల్లుడు దొరికాడు, పాతికేళ్లవాడు. డబ్బా చేతి సంచిలో వేసుకోబోయాడు. ఉక్కు ముక్కలు తనిఖీలో ఆపేస్తారని బతిమాలి, లగేజీలో పంపే పెట్టెలో పెట్టించాను. అతను నవ్వి, వెళ్లొస్తానన్నట్టు "యల్లా" అని వెళ్లిపోయాడు. అప్పుడు స్తంభానికి ఆనుకుని మూడోసారి మేనేజర్‌కు చెప్పాను. "తప్పు రాజన్నది కాదు. నేను సరిగ్గా చెప్పలేదు. తీసేయాలంటే నన్ను తీసేయండి." చెరిపేలోపు పంపేశాను.

జవాబు రాలేదు. మా పిన్ని కొడుకు అల్ తుమామాలో ఉంటాడు, ఒక ఆఫీసులో అకౌంటెంట్. ఆ రాత్రి వాళ్లింట్లో పడుకున్నాను, జరిగిందంతా వాడికి చెప్పాను. చేపల పులుసు వండారు. ఎలా ఉందని అడిగితే బాగుందన్నాను, ఏ చేపో మాత్రం ఇప్పటికీ తెలియదు.

శనివారం ఎనిమిదీ ఇరవైకి తిరుగు బస్సు. తొమ్మిదింటికి రాజన్న ఫోన్. గొంతులో గాలి హోరు.

"తమ్మీ, చిన్నవి ఏసిన. ముందు నువ్వే ఎక్కు అంటున్నడు అర్బాబ్. ఎక్కుతున్న. ఫోన్ జేబుల పెట్టుకుంటున్న, నువ్వు ఇను."

మంచు ముందెన్నడూ చూడని మనిషి. ఫోన్ చెవికి అదుముకున్నాను. ఇంజన్ అందుకుంది. ఏడువేలు, ఏడున్నర, నాకు చెవితోనే తెలుస్తుంది. ఇంకా పెరిగింది. మూలుగు లేదు. ఒకే శ్రుతిలో నిలబడింది, నిలబడే ఉంది. అంతలో ఫోన్ తెగిపోయింది.

పదకొండు నిమిషాలు. మళ్లీ మళ్లీ చేశాను, కలవలేదు. బస్సులో అందరూ వాళ్ల వాళ్ల నిద్రల్లో ఉన్నారు.

ముందుగా వచ్చింది మేనేజర్ మెసేజ్. "బండి ఎక్కింది. ఎనిమిదివేల నూరు. రాజన్న ఉంటాడు. నువ్వూ ఉంటావు. ఆదివారం నుంచి గ్యారేజీ తాళంచెవి రాజన్న దగ్గర."

నిజం చెప్పొద్దూ, ముందు ఊపిరి వచ్చింది, వెంటనే గుండె మండింది. ఆరేళ్లుగా నా జేబులో ఉన్న తాళంచెవి అది. ఈ ఒక రోజు పైచిలుకు ప్రయాణంలో నేను ఊరి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగాను. ఎక్కిన ప్రతి బండీ చేరాల్సిన చోటికి చేర్చింది. దారి తప్పింది నా మాట ఒక్కటే.

బస్సు ఇండస్ట్రియల్ ఏరియా మలుపు తిరుగుతుండగా రాజన్న ఫోన్ కలిసింది.

"తమ్మీ, తాళంచెవి నాకిస్తరంట. గిదేం న్యాయం? తప్పు జేసింది నేనైతే నీకెందుకు శిక్ష? నేను మేనేజర్‌తోని మాట్లాడుత."

అప్పుడు తట్టింది. మేనేజర్‌కు చెప్పాను, పిన్ని కొడుక్కు చెప్పాను, వంకాయల మధ్య దేవుడికి చెప్పాను. ఈయనకొక్కడికే చెప్పలేదు.

"అన్నా, తప్పు నీది కాదు. నేనే సరిగ్గా చెప్పలేదు. నిన్న టేబుల్ చూసినప్పుడే తెలుసు నాకు."

ఆయన బండి ఇంజన్ ఆపేశాడు.

"రాత్రంత నిద్ర వట్టలే తమ్మీ" అన్నాడు రాజన్న. "గీ మాట నిన్ననే జెప్పకపోతివి."