ఇరుసు మీద సుద్ద గీతలు

మా బొగ్గుగని వర్క్‌షాపు ఉస్తాద్ మొన్న దవాఖానలో కన్నుమూశారు. జీపు బోల్తాపడిన మూడో రోజున. ఆ బండిని ఆయన సరిగా పరీక్షించలేదని ఆఫీసర్ల క్లబ్బు వాళ్లు గని గేటు దగ్గర నోటీసు అంటించారు. పచ్చి అబద్ధం.

ఏటా దొరల క్లబ్బు మైదానంలో డ్రమ్ములు నిలబెట్టి, వాటి మధ్య బండ్లు తిప్పే పోటీ పెడతారు. ఏ బండి మలుపులో తిరగబడుతుందో ముందే తేల్చడం ఉస్తాద్ పని. ఒక పక్క చక్రాల కింద కర్ర దిమ్మెలు ఒక్కొక్కటే పేర్చేవారు. ఎత్తిన టైరు కింద బీడీకట్ట కాగితం పెట్టేవారు. మూడో దిమ్మె దాకా ఆ కాగితం లాగినా రాకూడదు. వస్తే ఆ చక్రం మీద బరువు ఆనడం లేదన్నమాట, బండి పనికిరాదు. బానెట్ మీద సుద్దతో అడ్డంగా రెండు గీతలు కొట్టేవారు. తర్వాత కిందికి దూరి ఇరుసు మీదా కొట్టేవారు.

"అక్కడెందుకు ఉస్తాద్?" అని అడిగాను ఒకసారి.

"పైన గీసింది తుడుస్తరు బేటా. కింద పండుకొని ఏ దొర తుడుస్తడు?"

నన్ను అక్షరాలు నేర్చుకోమని సతాయించింది కూడా ఆయనే. "మన మీద వాళ్లేం రాస్తున్నరో చదవాలె గదా!" అనేవారు. నేర్చుకున్నాను. ఆ నోటీసు చదివాను.

ఈసారి ఒక ఆఫీసరు స్ప్రింగులు ఎత్తు చేయించిన జీపు తెచ్చాడు. రెండో దిమ్మెకే కాగితం ఊడొచ్చింది. ఉస్తాద్ బానెట్ మీద రెండు గీతలు కొట్టి, కిందికి దూరి వచ్చారు.

"ఏమయ్యా, నీ బీడీ కాగితం నాకు డ్రైవింగు నేర్పుతుందా?"

"మీ డ్రైవింగుకేం సార్. బండే ఎత్తెక్కువైంది. మలుపుల నిలవడది."

ఆఫీసరు రుమాలుతో బానెట్ తుడిచేశాడు. బండి తిరగబడకుండా పక్క సీట్లో బరువుంటే చాలన్నాడు. నన్ను చూసి, "నువ్వెక్కు" అన్నాడు. ఎక్కాను. కాదంటే డ్యూటీ పోతుందని భయం.

ఉస్తాద్ నా చొక్కా పట్టి గుంజారు. "దిగు. నీకింక పెండ్లి గూడ కాలే."

తను కూర్చున్నారు. మూడో డ్రమ్ము దగ్గర జీపు తిరగబడింది. ఆఫీసరుకు మోచెయ్యి గీరుకుపోయింది. పోటీ మాత్రం మరుసటి రోజుకు వాయిదా వేశారు, అంతే!

జీపు ఇంకా అక్కడే చక్రాలు పైకెత్తి పడి ఉంది. ఇరుసు మీద రెండు తెల్లగీతలు ఎండలో అందరికీ కనబడుతున్నాయి. వాటిని తుడవడానికి ఇప్పుడు ఎవరూ కింద పడుకోనక్కర్లేదు. అందుకే షిఫ్టు దిగిన మా వాళ్లు ఇంటికి పోకుండా, బొగ్గు మొహాలతోనే జీపు చుట్టూ కూర్చుంటున్నారు.