దవాఖానలో కొసరు రోజులు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, మోకాలి కింద కాలు తీసెయ్యాల్సి రావచ్చని డాక్టరమ్మ చెప్పిన పొద్దున నా నోటి నుంచి మొదట వచ్చింది ప్రార్థన కాదు, "జర తగ్గించరాదా అమ్మా, పాదం వరకు?" అన్న బేరం! నిర్మల్ బజారులో, మా బాపు కిరాణా దుకాణంలో, త్రాసు పక్కన పెరిగినవాడికి ఇంకో మాట ఎక్కడ వస్తుంది?

సంగతి చిన్నగానే మొదలైంది. బెల్లం తూస్తుండగా ఇనుప తూకపు రాయి జారి పాదం మీద పడింది, చిటికెన వేలు చితికింది, దవాఖానలో కట్టు కట్టి పెన్సిలిన్ సూదులు వేశారు, పుండు మానుముఖం పట్టింది, ఇంటికి పొమ్మన్నారు. అక్కడే నా బజారు బుద్ధి అడ్డుపడింది. ఏది తూచినా పైన కాస్త కొసరు పడందే సరుకు పుచ్చుకోవడం మాకు చేతకాదు కదా, అందుకని ఇంకొన్నాళ్లు మంచం, ఇంకొన్ని సూదులు కొసరు అడిగాను.

"అన్నా, మంచిగయినంక దవాఖాన్ల ఏం పని? గీడ రోగాలు తప్ప ఏం దొరకయి. ఇంటికి పో" అని నర్సమ్మ కసిరింది. నేను విన్నానా! నొప్పి నొప్పి అని మూలిగి ఉండిపోయాను. ఉన్నవాణ్ని కుదురుగా ఉన్నానా అంటే అదీ లేదు, చీము కారే వాళ్ల మంచాల మీద కూర్చుని పత్తి ధరలు మాట్లాడటం, చూడవచ్చిన ప్రతి చుట్టానికీ అదే చేత్తో కట్టు విప్పి పుండు చూపించడం!

పాదం ఉబ్బింది, చీము పట్టింది, ఎన్ని సూదులు వేసినా జ్వరం దిగలేదు.

కాలు తీసెయ్యాల్సి రావచ్చన్న ఆ పొద్దునే డాక్టరమ్మ కోపపడకుండా కారణం చెప్పింది. "మందుకు చావని క్రిములు దవాఖానల్లోనే ఎక్కువ. ఎన్నాళ్లు ఉంటే అంత ప్రమాదం, అందులో నీది పచ్చి పుండు. ఇదివరకు ఒళ్లు వెచ్చబడితే చాలు కంపౌండరుతో సూది వేయించుకుని, కాస్త తగ్గగానే మానేసేవాడివట. లొంగేవి చచ్చాయి, లొంగనివి మిగిలాయి."

అప్పుడు దేవుని దగ్గర కూర్చున్నాను, అక్కడా అదే వరుస. "ప్రభువా, కాలు ఉంచితే మందిరానికి పెద్ద దీపం ఇస్తాను" అన్నాను. పక్కనున్న నా భార్య సుగుణమ్మ వినలేకపోయింది. "ఏందయ్యా, దేవునితోని గూడ బేరమేనా? ఆయన దుకాణం పెట్టుకొని కూసున్నడా? ఉత్తగ అడుగు!"

ఉత్తగా అడగడం నాకు కొత్త. "తండ్రీ, ఇచ్చేందుకు నా దగ్గర ఏమీ లేదు, నీకు ఇష్టమైనంత ఉంచు" అన్నాను.

నన్ను చివరి గదిలో ఒంటరిగా పెట్టారు, చుట్టాలను రానివ్వలేదు, తాకే ప్రతివారూ సబ్బుతో చేతులు కడిగారు, కట్టుగుడ్డలు ఉడికించారు, పాత సూది మాన్పించి హైదరాబాదు నుంచి వేరే మందు తెప్పించారు, కుళ్లిన చిటికెన వేలు తీసేశారు. వాపు దిగింది, జ్వరం పోయింది, కాలు దక్కింది, దేవునికే మహిమ! ఇంటికి పోవచ్చన్న మాట పూర్తికాకముందే చెప్పుల కోసం వెతుక్కున్నాను.

"నువ్వు అందరి దగ్గర కొసరు గుంజుతవు, దేవుడు నీ దగ్గర ఆ వేలు కొసరు తీసుకున్నడు" అని సుగుణమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

సహోదరులారా, ఊరికే సూది అడగకండి, పొమ్మన్న రోజే దవాఖాన విడవండి. ప్రభువు దగ్గరికి మాత్రం ఖాళీ చేతులతో, ధర పలకకుండా రండి. నేనూ ఈ రెండు కాళ్ల మీద నడిచి వచ్చే ఈ మాట చెబుతున్నాను.