లోపల పెట్టుకున్నది మనదే

ఈ ఉదయం హిందూపురంలోని మా వర్క్‌షాపులో కొత్త బాక్సొకటి పరీక్షకు పెట్టాం. స్విచ్ వేయగానే హుక్కులన్నీ ఒక్కసారి పైకి లేచి టక్కుమని కిందికి దిగాయి. తర్వాత ఒక్కో గుంపూ లేస్తూ దిగుతూ, రేకుల కప్పు మీద చినుకులు మొదలైనట్టు చప్పుడు. రోజూ వినేదే అయినా ఈ పూట చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి, కళ్లు మూసుకుని విన్నాను. ఖాదర్ సార్ అలాగే వినేవారు. విని, ఎడమ నుంచి పన్నెండో హుక్కు బిగుసుకుందని చెప్పేవారు. మేం చూస్తే అది పన్నెండోదో పదమూడోదో అయి ఉండేది. పదమూడోదైతే మా లెక్కే తప్పని వాదించేవారు. ఆయన పోయి రెండేళ్లయింది.

ఆయన్ను చూడనివాళ్లకు ముందు ఈ బాక్సు సంగతి చెప్పాలి. ధర్మవరం పట్టుచీర అంచులో, కొంగులో వచ్చే బొమ్మల కోసం మగ్గం పైన జకార్డు అనే యంత్రం ఉంటుంది. వెనకటికి దానికి చిల్లులు పొడిచిన అట్టలు కట్టేవారు. ఒక్కో అట్ట ఒక్కో వరస. ఇప్పుడు చాలా మగ్గాలకు అట్టల బదులు చిన్న కంప్యూటరు బాక్సు వచ్చింది. డిజైను ఉన్న పెన్‌డ్రైవు తగిలిస్తే, నేసేవాళ్లు కాలితో చెక్క తొక్కినప్పుడల్లా బాక్సు ఆ వరసకు కావలసిన హుక్కుల్ని, వాటితోపాటు నిలువు పోగుల్ని లేపుతుంది. ఖాదర్ సార్ వర్క్‌షాపులో చేసేది ఈ బాక్సులే. ఆయన రేడియోలు, టీవీలు బాగుచేస్తూ, నలభై ఏళ్లు దాటాక సి అనే కంప్యూటరు భాష నేర్చుకున్న మనిషి. నేను పెనుకొండ నుంచి ప్యాసింజరు రైలెక్కి వచ్చి ఆయన దగ్గర చేరిన రోజున నా చేతిలో ఇంజనీరింగ్ పట్టా, నెత్తిన దాని పొగరు రెండూ ఉన్నాయి.

మొదటిరోజే నా ముందు ఒక కాగితాల కట్ట పెట్టారు. పుస్తకంలా దారంతో కుట్టి, పాత పేపరుతో అట్ట వేసిన కట్ట. అందులో ఉన్నది ఈవెంట్ లూప్ లైబ్రరీ సోర్సు కోడు, మొదటి లైను నుంచి చివరిదాకా. ఎవరో పరాయి దేశంలో రాసి అందరికీ వదిలిపెట్టిన కోడు అది. ఈవెంట్ లూప్ అంటే ఏమిటో కాలేజీలో చదివాను కానీ, అది నాకు అర్థమైంది ఆయన చెప్పిన హోటలు సప్లయరుతోనే. సప్లయరు ఒక టేబులు దగ్గరే నిలబడి వాళ్లు దోసె తిని లేచేదాకా కాచుకోడు కదా, హాలంతా ఒక కంట కనిపెడుతుంటాడు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి పోయి పని చూసి మళ్లీ వచ్చి నిలబడతాడు, మన బాక్సులో ఆ సప్లయరు ఇతనే అన్నారు. ఒకవైపు కాలి చెక్క, ఒకవైపు పెన్‌డ్రైవు, ఇంకోవైపు బటన్లు. అందరినీ కనిపెట్టుకుని ఉండేవాడొకడు కావాలి.

అంతవరకూ బాగానే ఉంది. కట్టంతా చదివి, ప్రతి ఫంక్షను పక్కనా అదేం చేస్తుందో తెలుగులో రాయమనడం మాత్రం నాకు మింగుడు పడలేదు. లైబ్రరీ కోడు ఎవరైనా చదువుతారా? సిస్టంలో ఉన్నదాన్ని ప్రోగ్రాముకు తగిలించుకుని వాడుకోవడమే నేను నేర్చుకున్నది. ఈయనేమో ఆ సోర్సు ఫైళ్లన్నీ తెచ్చి మా ప్రోగ్రాం ఫోల్డరులోనే పెట్టి, మా కోడుతో కలిపి ఒకే ముద్దగా కంపైలు చేసేవారు. మూడు వారాలు చదివాను, మనసులో తిట్టుకుంటూనే. నేను సరిగా చదవని చోటల్లా ఆయన వేలు పెట్టి, "ఈ లైను నీకు ఏమైతాడమ్మా?" అని అడిగేవారు. చుట్టరికం అడిగినట్టు. తెలియదంటే కోప్పడరు. మళ్లీ మొదటి పేజీ తిప్పి నా ముందు పెడతారు. కోప్పడితేనే నయమనిపించేది.

ఇదంతా దేనికని ఒకరోజు ఉక్రోషంతో అడిగేశాను. ఆయన సోమందేపల్లి సంగతి చెప్పారు. నేను చేరకముందు అక్కడ రెండు మగ్గాలకు బాక్సులు పెట్టారట. అప్పట్లో ఆయనా అందరిలాగే సిస్టంలోని లైబ్రరీనే వాడేవారు. బాక్సులోని సిస్టంకు కొత్త అప్‌డేట్ వేసిన పూట లైబ్రరీ వెర్షను మారిపోయి, రెండు బాక్సులూ నోరు తెరవలేదు. వాటిని బాగుచేసేదాకా ఆ రెండిళ్లలో మగ్గం ఆడలేదు. "ఆడ మగ్గం నిలబడిపోతే, లైబ్రరీ రాసినాయన వస్తాడా? మనమే పోవాల. పోయేది మనమైనప్పుడు లోపల ఏముండాదో మనకు తెలిసుండాల" అన్నారు. మాట సబబుగానే ఉంది. మనసు మాత్రం ఒప్పుకోలేదు.

ఏడాది తిరిగేసరికి నాకు పని వచ్చింది, తొందర కూడా వచ్చింది. ఆ లైబ్రరీని లోపల పెట్టుకునేటప్పుడు మనకు కావలసినవి ఉంచి, అక్కర్లేనివి తీసేయొచ్చు. అందుకు కొన్ని సెట్టింగులుంటాయి. సార్ వాటిని నాలుగు లైన్లుగా రాసి, లైబ్రరీని పిలిచే ప్రతి ఫైలు నెత్తినా అవే నాలుగు లైన్లు ఉండాలని నియమం పెట్టారు. దేవుడి పటానికి బొట్టు పెట్టినట్టు ప్రతి ఫైలుకూ పెట్టేవారు. అప్పుడే పెద్ద డిజైన్లను పెన్‌డ్రైవు నుంచి ముక్కలు ముక్కలుగా చదివే కొత్త ఫైలు నేను రాశాను. ఆ నాలుగు లైన్లు పెట్టలేదు. మరిచిపోయానని చెప్పుకోవచ్చు కానీ అది నిజం కాదు. ఇవి లేకుండా కంపైలు చేసి చూశాను, ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. ముసలాయన చాదస్తం అనుకుని వదిలేశాను. జానెడు అంచు డిజైనుతో పరీక్ష చేస్తే చక్కగా నడిచింది. బాక్సు ధర్మవరం వెళ్లిపోయింది.

వెళ్లింది రామాంజినమ్మక్క ఇంటికి. వాళ్ల వీధిలో మా బాక్సు పెట్టించుకున్న మొదటి మనిషి ఆమె. అట్టలు తీసేయవద్దని చుట్టుపక్కలవాళ్లు ఎంత చెప్పినా వినకుండా తీసేయించింది. మగ్గం మీద ఒక పెళ్లికూతురి చీర. అది శుక్రవారానికి మగ్గం దిగాలి. సోమవారం పొద్దున ఆమె ఫోను చేసింది. నేసేటప్పుడు చీర ముఖం కిందివైపు ఉంటుంది కాబట్టి పైనుంచి బొమ్మ సరిగా తెలియదు, కింద అద్దం పట్టి చూసుకోవాలి. ఆ పొద్దు అద్దం పట్టి చూస్తే కొంగులోని నెమళ్లకు మెడలు వంకర పోయాయట. మెడ పైకి పోయేకొద్దీ కొంచెం కొంచెం పక్కకు జరిగిందట. మూడు రోజుల నేత అప్పటికే చుట్టుకుపోయింది.

నేను వెంటనే లైబ్రరీ మీదికి తోశాను. మన కోడు బాగానే ఉంది సార్, ఆ లైబ్రరీలోనే ఏదో తప్పుంది అన్నాను. ఆయన కట్ట తీసి నా ముందు పెట్టి, "లోపల పెట్టుకున్న పొద్దే అది వాళ్లది కాకుండా పోయిందమ్మా. అది మనదే. తప్పైనా మనదే" అన్నారు. మధ్యాహ్నం అన్నం వేళకు నాకే దొరికింది. నా కొత్త ఫైలు తెరిచాను, పైన ఖాళీ. ఒక్కసారిగా తల కొట్టేసినట్టయింది. ఆ నాలుగు లైన్లూ లైబ్రరీ తన అంకెలు దాచుకునే పెట్టెలాంటి చోటుకు ఎన్ని అరలుండాలో నిర్ణయిస్తాయి. మిగతా ఫైళ్ల లెక్కలో ఆ పెట్టెకు నాలుగు అరలు, నా ఫైలు లెక్కలో ఐదు. నేను ఐదో అర అనుకుని రాసిందల్లా పక్కవాడి అరలో పడుతోంది. ఆ పక్కవాడు, బొమ్మ ఏ హుక్కు నుంచి మొదలవ్వాలో చెప్పే అంకె. డిజైను కొత్త ముక్క చదివినప్పుడల్లా బొమ్మ ఒక హుక్కు పక్కకు జరిగింది. నా జానెడు డిజైనులో రెండో ముక్కే లేదు, అందుకే అక్కడ బయటపడలేదు.

సార్‌కు చెప్పాను. ఏడుపు ఆపుకుంటూనే చెప్పాను. ఆయన ఫైలు చూసి, నాలుగు లైన్లూ తన చేత్తో టైపు చేసి, రేపు పొద్దున మొదటి రైలుకు పోదామన్నారు. అంతే.

రామాంజినమ్మక్క ఇంట్లోకి వెళ్లేసరికి గుమ్మం దగ్గర ఇరుగుపొరుగు నలుగురు నిలబడి ఉన్నారు. అట్టలు తీయొద్దని చెప్పినవాళ్లే. అక్క మగ్గం గుంటలో కూర్చుని ఉంది. అరవలేదు, తిట్టలేదు. చీర మడత విప్పి వంకర మెడలు చూపించి, "ఎవరిది అన్నా ఈ పొరపాటు? మిషన్‌దా, మనిషిదా?" అని సార్‌ను అడిగింది. అది నేను చెప్పాల్సిన మాట. నోరు తెరిచాను కూడా. గుమ్మంలో ఉన్న నలుగురినీ చూసి మళ్లీ మూసుకున్నాను. సార్ నావైపు చూశారు.  తర్వాత అక్కవైపు తిరిగి, "మాదేనమ్మా. మనుషులదే" అన్నారు.

మూడు రోజుల నేత వెనక్కి ఊడదీయాలి. జరీ తెగకూడదు, పట్టు పోగు నలగకూడదు. సరిచేసిన ప్రోగ్రాం ఎక్కించేముందు, తప్పుగా నేసిన వరసల్నే బాక్సుతో వెనక్కి నడిపిస్తుంటే, అక్క చెక్క తొక్కి వరస తెరుస్తుంది, ఆ వరసలోని పేక పోగును, అంటే అడ్డం దారాన్ని, ఒకరు లాగి దారపు కండెకు చుట్టాలి. ఆ పని అక్క నాకే చెప్పింది. సార్ ఎదురుగా కూర్చుని రెండో కండె చుట్టారు. మంగళవారం పగలంతా ముగ్గురం అదే పని. సార్ మధ్యమధ్య అక్కతో వానల గురించి, ఆమె కొడుకు చదువు గురించి మాట్లాడుతూనే ఉన్నారు. నేను తలెత్తకుండా పోగులు లాగాను. గుమ్మంలో నిలబడ్డవాళ్లు మధ్యాహ్నానికి విసుగొచ్చి వెళ్లిపోయారు. వాళ్లు పోయాకైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

తిరుగు రైల్లో పెనుకొండ దగ్గరపడుతుండగా ఆయనే కదిలించారు. "నేను ఆడ చెప్పింది అబద్ధం కాదు. నిన్ను పనిలో పెట్టుకున్నాక నీ తప్పు నాదే. కానీ ఆయమ్మకు నువ్వు చెప్పాల్సింది ఒకటి ఉండాది. ఎప్పుడు చెప్తావో నీ ఇష్టం" అన్నారు. తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

అక్క రాత్రీపగలూ నేసి చీరను శుక్రవారానికి దింపింది. బాక్సు తీసేయలేదు. తర్వాత ఆ వీధిలోనే ఇంకొన్ని మగ్గాలకు మా బాక్సులు వెళ్లాయి. అంతా సర్దుకుంది కదా, ఇప్పుడు తవ్వడమెందుకని నాకు నేను చెప్పుకున్నాను. పనిమీద ధర్మవరం వెళ్లినప్పుడల్లా సార్, "పోతాండావా? రామాంజినమ్మను చూసి రా" అనేవారు. తిరిగి వచ్చాక బాక్సుల సంగతి అడుగుతూ ఒక క్షణం నా ముఖంలోకి చూసేవారు. ఆ చూపు ఎందుకో నాకు బాగా తెలుసు. నేను బాక్సుల సంగతి చెప్పేదాన్ని. ఏళ్లు గడిచాయి. ఆయనకు జబ్బు చేసింది, వర్క్‌షాపు నాకు అప్పగించారు. ఆసుపత్రిలో చూడబోయినప్పుడు కూడా ధర్మవరం పోయినావా అని అడిగారు. పోయానన్నాను. ఊఁ అని కళ్లు మూసుకున్నారు.

ఆయన పోయి, నలభయ్యోనాడు గడిచాక ఒక మధ్యాహ్నం ధర్మవరం వెళ్లాను. రామాంజినమ్మక్క కండెలు చుట్టుకుంటోంది. పక్కన కూర్చుని, ఆ పొద్దు నెమళ్ల మెడలు వంకర పోయింది నావల్లే అక్కా, సార్ పెట్టమన్నది నేను కావాలనే పెట్టలేదు అని చెప్పాను. ఇన్నేళ్లు గుండెల మీద మోసిన మాట చెప్పడానికి ఒక్క నిమిషం పట్టలేదు. ఆమె చెయ్యి ఆగలేదు.

"నాకు తెలీదనుకున్యావా పాపా? ఆ పొద్దు పోగులు తీసేటప్పుడు ఖాదరన్న తలెత్తి మాట్లాడతాండె, నువ్వు వంచిన తల ఎత్తలేదు. తప్పు ఎవరిదో ఇంగొకరు చెప్పల్లా?" అంది.

తెలిసీ ఎందుకు అడగలేదక్కా అన్నాను. అప్పుడు కండె ఆపింది.

"నేనే ఒకసారి అన్నతో అంటి, ఆ పాపదే కదా అని. నువ్వు అడగొద్దమ్మా, ఆ పాపే వచ్చి చెప్తాది, చెప్పిన పొద్దు నాకు ఫోను చెయ్యి అన్నాడు. ఆయప్ప ఉన్నప్పుడు చెప్పింటే ఎంత బాగుండు."

ఆమె పక్కనే కూర్చుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, కండె చుట్టుకుంటూ కూర్చుంది. చేయాల్సిన ఫోను చేయడానికి ఆవలివైపు మనిషి లేడు.