చిన్నాయనకు అంటగట్టిన పగ

మొన్న మా చిన్నమ్మను కంటి డాక్టరుకు చూపిద్దామని కళ్యాణదుర్గం తీసుకుపోతే, బస్టాండు ఎదుట పెద్ద ఫ్లెక్సీ కనబడింది. మా ఊరిని రెండుగా చీల్చి ఏలిన రెండిళ్ళ పెద్దలూ అందులో కౌగిలించుకుని పళ్ళికిలిస్తున్నారు. వియ్యమందుతున్నారట. కింద ఓ మూల, 'మా కోసం ప్రాణాలిచ్చిన వీరులు' అని రాసి, మా చిన్నాయన ఫోటో వేశారు.

వీరుడట! చిన్నాయన పెళ్ళిళ్ళకు వంట చేసేవాడు. కోడిని కోయాల్సి వస్తే పక్కవాడికి కత్తి ఇచ్చి మొహం తిప్పుకునే మనిషి. ఉడుకుతున్న వంకాయ కూర వాసన చూసే ఉప్పు చాలలేదని చెప్పేవాడు. చిన్నమ్మ మాత్రం ఇంట్లో ఆయన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. రెండు పార్టీల ఇళ్ళలోనూ వండాడు, రెండు చోట్లా తిట్లు తిన్నాడు. ఒక ఇంట్లో పెళ్ళయ్యాక, ఆనవాయితీ ప్రకారం పనిచేసిన వాళ్ళందరికీ ఒకే తానులోంచి చారల చొక్కా గుడ్డ పెట్టారు. అది కుట్టించుకుని సంతకు పోవడమే చిన్నాయన చేసిన నేరం. అప్పటికే ఒక మనిషిని పోగొట్టుకున్న అవతలి పార్టీ వాళ్ళు బదులు కోసం వెతుకుతున్నారు. ఆ చారలు చూసి, ఇవతలి మనిషేనని నరికేశారు. తమ ఇంట్లో వండిపెట్టినవాడి ముఖమైనా చూడని మొనగాళ్ళు!

మట్టి చేసిన సాయంత్రమే చిన్నమ్మ ఆ గుడ్డలు పెట్టిన పెద్దమనిషి దగ్గరికి పోయింది. వెంట నేనున్నాను.

"అన్నా, మా ఆయన నీ మనిషీ కాదు, వాళ్ళ మనిషీ కాదు. ఆయన పేరు సెప్పి ఎవుర్నీ సంపొద్దన్నా," అని కాళ్ళు పట్టుకుంది.

"ఊరుకోమ్మా, మావోని నెత్తురు ఊరికే పోనిస్తామా?" అన్నాడు ఆయన మీసం దువ్వుకుంటూ.

బతికుండగా వంటపందిరి దాటి ఇంట్లోకి రానివ్వనివాడికి, చచ్చాక చిన్నాయన 'మావోడ'య్యాడు. వారం తిరక్కుండానే అవతలి పార్టీ వీధిలో కాపురముండే గొర్రెల కాపరిని మేపు దగ్గరే చంపించాడు. ఒంటరిగా, చేతిలో కట్టెతో ఉన్న మనిషిని గుంపుగా పోయి చంపి, చిన్నాయన కోసమే చంపామని ఊరంతా చెప్పుకున్నారు. తలచుకుంటే ఇప్పటికీ ఉమ్మేయాలనిపిస్తుంది.

చూపు మందగించినా చిన్నమ్మ ఫ్లెక్సీలో మొగుణ్ణి పోల్చుకుంది.

"ఈళ్ళు కలిసిపోయినారు, సరే. ఆ గొర్రెలాయప్ప పెండ్లాము ఇంగా నన్ను సూస్తే దోవ మార్చుకుంటాది. ఆయమ్మతో నేనెట్ల కలిసేదప్పా?" అంది.

ఏళ్ళు గడిచి, చంపించినవాళ్ళు చుట్టాలయ్యారు. వాళ్ళు పెట్టిపోయిన పగ మాత్రం ఈ ఇద్దరు ఆడవాళ్ళ మధ్య, వాళ్ళతో పాటే ముసలిదవుతోంది.