మేయరు ధర ఎనభై దాటిన వారం

అమెరికాలో ఒక రాష్ట్రానికి గవర్నరు అభ్యర్థిగా ఎవరు నెగ్గుతారో ముందే అంచనా కట్టడం కూడా ఒక ఉద్యోగమేనని అమ్మను నమ్మించడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ పనిలో కీలకమైన సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసని నాకు అర్థమైంది మాత్రం ఒక్క సాయంత్రంలోనే.

మేముండేది ముంబైలోని కామాటిపురలో, వరండా వెంట వరుసగా ఒంటి గదులుండే ఒక పాత చాల్ రెండో అంతస్తులో. మహబూబ్‌నగర్ వైపు నుంచి ఇళ్లు కట్టే పనికి వచ్చిన మా తాత ఈ గదిని అద్దెకు తీసుకున్నాడు. అటూ ఇటూ గదుల్లో, ఇక్కడి మాటలో ఖోలీల్లో, ఇప్పటికీ తెలుగువాళ్లే ఎక్కువ. వాళ్ల పిల్లలు మాత్రం వరండాలో మరాఠీలోనో హిందీలోనో పోట్లాడుకుంటారు. మా గదిలో గోడకు సగం ఎత్తున చెక్కలు పరిచి కట్టిన పోట్‌మాళా ఒకటి ఉంది. అక్కడ నిలబడితే తల పైకప్పుకు తగులుతుంది. అందుకని కూర్చునే చదివాను. స్టాటిస్టిక్స్ డిగ్రీ అక్కడ కూర్చునే తెచ్చుకున్నాను.

అమ్మ ఆరోగ్య సేవిక. ఇరవై ఏళ్లకు పైగా భుజాన సంచీ, చంకలో రిజిస్టరుతో ఈ గల్లీల్లో ఇంటింటికీ తిరుగుతోంది. ఎవరికి నెల తప్పింది, ఎవరికి దగ్గు తగ్గడం లేదు, ఏ పసివాడికి పోలియో చుక్కలు పడలేదు, అన్నీ ఆమె పుస్తకంలో ఉంటాయి. పుస్తకంలో ఎక్కనివి ఆమె తలలో ఉంటాయి.

నేను పనిచేసేది లోయర్ పరేల్‌లో ఒక చిన్న కంపెనీలో. అమెరికాలో ఉన్న సంస్థలకు అక్కడి ఎన్నికల మీద నివేదికలు రాసి పంపుతాం. ఆ వారం నాకిచ్చిన పని ఒక రాష్ట్రపు ప్రైమరీ. అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి, జనమే ఎన్నుకుంటారు. పార్టీ తరఫున ఎవరు నిలబడాలన్నది కూడా ముందుగా ఆ పార్టీ ఓటర్లే ఓటేసి తేలుస్తారు. ఆ ఎన్నికే ప్రైమరీ. బరిలో ఇద్దరున్నారు. ఒకరు పెద్ద నగరానికి మేయరు. టీవీలో ఎటు తిప్పినా అతని ప్రకటనలే. రెండో ఆవిడ చిన్న ఊళ్ల వైపు నుంచి వచ్చిన శాసనసభ్యురాలు, ఒకప్పుడు బడి బస్సు నడిపిన మనిషి.

రాత్రి అన్నం తినేటప్పుడు ఇదంతా చెబితే అమ్మ ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయింది.

"టికెట్టు గూడ జనమే ఇస్తరా? ఢిల్లీకి తిరిగే పనే లేదా?"

"లేదమ్మా."

"గట్లుంటే మస్తుంటది గదా. మరి నీకేం పని గండ్ల?"

మాకు ఆధారం ప్రిడిక్షన్ మార్కెట్లు. ఎవరు గెలుస్తారన్న దాని మీద వాటాలు కొనుక్కునే బజారు అది. మేయరు గెలిస్తే అతని వాటాకు వంద వస్తుంది, ఓడితే సున్నా. ఆ వాటా అరవైకి అమ్ముడుపోతోందంటే అతను గెలిచే అవకాశం నూటికి అరవై అని బజారు నమ్ముతున్నట్టు. అమ్మ నా మాట మధ్యలోనే ఆపేసింది.

"అరే, మట్కానే గదా ఇది!"

కామాటిపురలో పెరిగిన ఎవరికైనా మొదట ఆ మాటే వస్తుంది. మట్కాలో అంకె బయటికొచ్చే దాకా ఎవరికీ ఏమీ తెలియదని, ఇక్కడ మాత్రం సంగతి తెలిసినవాళ్లు కొంటారని, వాళ్లకు తెలిసింది ధరలో కనిపిస్తుందని వివరించాను. చాలా ఎన్నికల్లో ఆ ధరలు నిజానికి దగ్గరగానే వచ్చాయి కూడా. అందుకే మా ఆఫీసులో వాటికంత విలువ.

నాకొచ్చిన చిక్కు వేరు. అరవై దగ్గర తచ్చాడుతున్న మేయరు ధర ఒక్క మధ్యాహ్నంలో ఎనభై దాటింది. కొత్త సర్వే రాలేదు, చర్చా కార్యక్రమం జరగలేదు, ఎవరి మద్దతు ప్రకటనా లేదు. అయినా ఎక్కిన ధర దిగలేదు. నివేదికలో ఎనభై అని రాసి పంపేయమని మా టీమ్ లీడర్ చెప్పాడు. రాయబుద్ధి కాలేదు. ఎందుకో మాటల్లో చెప్పలేకపోతున్నాను.

అమ్మ ఇదంతా విని మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి అడిగింది.

"కొనెటోళ్లు ఎంతమంది?"

"సరిగ్గా తెలీదు. చూడొచ్చు."

"ఆ రాష్ట్రపోళ్లేనా?"

"కాదమ్మా. ఎక్కడెక్కడివాళ్లో."

"మరి ఓటేసెటోళ్లు ఎవరు?"

"ఆ రాష్ట్రంలో ఆ పార్టీ వాళ్లు."

"అయితే వీళ్లు వేరే, వాళ్లు వేరే. తెలిసినోళ్లే కొంటరని ఎట్ల జెప్తవ్ బిడ్డా? మన చాల్ కమిటీ ఎలక్షన్ యాది లేదా?"

ఎందుకు లేదు? మా చాల్‌ను కూలగొట్టి కొత్తగా కట్టే మాట నడుస్తున్నప్పుడు కమిటీకి ఎన్నిక పెట్టారు. కింద చాయ్ దుకాణం దగ్గర నిలబడే మగవాళ్లంతా ఒక కాంట్రాక్టరు గెలుస్తాడని తేల్చేశారు. అమ్మ మాత్రం మూడో అంతస్తు టైలరు గెలుస్తాడంది. గెలిచాడు.

"చాయ్ దుకాన్ కాడ నిలబడ్డోళ్లల్ల సగం మందికి మన చాల్ల ఓటే లేదు," అంది అమ్మ. "ఓటున్నది ఖోలీలల్ల ఆడోళ్లకు. మూడో మాళాకు నీళ్ళెక్కుతలేవని వాళ్లు కొట్లాడుతున్నరు. మోటర్ బాగుచేపిచ్చింది ఎవరు? ఆ టైలరు. నేను రోజు తలుపులు కొడత గనక నాకెర్క. దుకాన్ కాడోళ్లకు ఏమెర్క?"

అంతే అంది. గిన్నెలు తీసుకుని లేచింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే ముందు ధరను వదిలేసి, కొన్నవాళ్లను చూశాను. ఆ బజారులో కొన్నవాళ్ల పేర్లు కనబడవు గానీ ఏ ఖాతా ఎప్పుడు ఎంత కొన్నదో కనిపిస్తుంది. మేయరు ధర ఎగిరిన ఆ మధ్యాహ్నం ఒకే ఖాతా, ఒకే సైజు ముక్కలుగా, నిమిషాల తేడాతో కొంటూ పోయింది. మిగతావాళ్లు చాలా తక్కువ. వాళ్లు ఆ ధరను చూసే కొన్నట్టున్నారు. అంటే ఒక మనిషి నమ్మకం బజారు నమ్మకంలా కనబడుతోంది. అతనికి నిజంగా ఏదైనా తెలుసా అన్నది ఇక తేల్చుకోవాలి.

తర్వాత ఓటేసేవాళ్ల వైపు తిరిగాను. ఆ రాష్ట్రంలో చాలామంది పోస్టులో ఓటు పంపుతారు. ఏ జిల్లా నుంచి ఎన్ని కవర్లు తిరిగొచ్చాయో ప్రభుత్వమే రోజూ ప్రకటిస్తుంది. పాత ప్రైమరీ లెక్కల పక్కన పెట్టి చూస్తే, చిన్న ఊళ్ల కవర్లు ముందుకంటే తొందరగా వస్తున్నాయి, నగరానివి నెమ్మదిగా. ఆ ఊళ్ల చిన్న పత్రికలు కూడా చదివాను. ఒకదాంట్లో బడి బస్సు ఆవిడ మాట్లాడిన చర్చి హాలు ఫోటో ఉంది. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. ఎక్కువమంది ఆడవాళ్లే. మేయరు ఆ జిల్లాలకు వెళ్లిన వార్త వెతికి వెతికి ఒక్కటే దొరికింది.

మూడు రోజులు ఇదే పని. చివరికి రాశాను: మేయరే ముందున్నాడు, కానీ అతను గెలిచే అవకాశం పదిలో ఆరు మాత్రమే. బజారు చెబుతున్న ఎనభై కొద్దిమంది కొనుగోలుదారుల మాట. దాన్ని ఓటర్ల మాటగా తీసుకుని నిర్ణయాలు చేయొద్దు.

టీమ్ లీడర్ పుణె నుంచి వచ్చిన మరాఠీ అతను. చెడ్డవాడు కాదు, కానీ ఎప్పుడూ తొందరలో ఉంటాడు. కాగితం చదివి కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు.

"మార్కెట్టు కంటే నీకెక్కువ తెలుసా?"

"ఎక్కువేం తెలీదు సార్. అరవై నుంచి ఎనభైకి వెళ్లడానికి మార్కెట్టుకు కొత్తగా తెలిసింది కూడా ఏమీ లేదు. ఒక్కడు కొన్నాడు, అంతే. ఇదిగో చూడండి."

కొనుగోళ్ల పట్టిక చూపించాను. చాలాసేపు చూశాడు.

"మేయరు గెలిస్తే అందరూ నిన్నే అంటారు."

"మేయరు గెలిచినా నేను రాసింది తప్పు కాదు. పదిలో ఆరుసార్లు గెలుస్తాడనే రాశాను."

ఆ గదిలో పైవాళ్లకు ఎదురు మాట్లాడటం నాకదే మొదటిసారి. అతను ఇంకోసారి మొదటినుంచి చదివి, ఒక కామా కూడా మార్చకుండా, నా పేరు కింద తన పేరు పెట్టి పంపించాడు.

అక్కడ ఓట్ల లెక్కింపు మొదలయ్యేసరికి మాకు తెల్లవారింది. మా చాల్‌లో అది నీళ్ల వేళ. వరండాలో డ్రమ్ములు, బిందెలు, గొట్టాలు. నేను గుమ్మంలో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కగది పెద్దమ్మ బిందె పట్టుకుని వంగి చూసింది.

"పరీచ్చ రిజల్టానే?"

"కాదు పెద్దమ్మా, ఎలక్షన్."

"మన వార్డుదా?"

"అమెరికాది."

"గా దేశపు ఎలక్షన్‌కు నువ్వెందుకే గింత పొద్దుగాల లేసి కూసున్నవ్!"

మొదట వచ్చిన ఓట్లలో మేయరు బాగా ముందున్నాడు. అతని ధర తొంభై దాటింది. పదిలో ఆరు అని రాసిన మనిషిని, అతను గెలిస్తే బాధపడకూడదు. కానీ టీమ్ లీడర్ ముఖమే కళ్ల ముందు ఆడుతోంది. అమ్మ గొట్టాన్ని ఒక డ్రమ్ములోంచి ఇంకో డ్రమ్ములోకి మారుస్తూ అడిగింది.

"ఏమైంది? అట్ల కూసున్నవేంది?"

"మేయరు గెలిచేలా ఉన్నాడమ్మా."

"యే ఏరియా ఓట్లు అవి?"

"నగరానివి."

"మరి దూరమున్నోళ్లవి ఇంక రాలే గదా. గప్పుడే మూతి ముడుస్తవెందుకు? లే, తానం చేయ్, బస్సు పోతది."

నాగ్‌పాడా దాటి బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఫోనులో చూశాను. చిన్న జిల్లాల ఓట్లు రావడం మొదలైంది. తొంభై దాటిన ధర డెబ్భైకి దిగింది. మూడు స్టాపుల తర్వాత యాభై. నేను ఆఫీసు మెట్లెక్కుతుంటే బడి బస్సు ఆవిడ ముందుకొచ్చింది. మధ్యాహ్నం డబ్బా తెరిచే వేళకు మేయరు ఓటమి ఒప్పుకున్నాడు. తేడా చాలా స్వల్పం.

ఆఫీసులో అందరూ నా బల్ల చుట్టూ చేరారు. "నువ్వు చెప్పినట్టే అయింది" అని ఒకరు చేయి కలిపారు. ఆమె గెలుస్తుందని నేను చెప్పలేదని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. సాయంత్రం ఇంటికొచ్చి అమ్మతో అదే అన్నాను.

"ఆన పడుతదని నువ్వు జెప్పలే," అంది అమ్మ. "పడొచ్చు, ఛత్రీ పట్టుకపొమ్మన్నవ్. గంతే గదా?"

అంతే. డిగ్రీలున్న వాళ్లెవరికీ నేను ఇంత సులువుగా చెప్పలేకపోయాను.

వారం తర్వాత నివేదిక తెప్పించుకున్న సంస్థ నుంచి వీడియో కాల్ వచ్చింది. మా మాట విని వాళ్లు ఇద్దరు అభ్యర్థులకూ సరిపడేలా సిద్ధంగా ఉన్నారట. నెత్తి నెరిసిన ఒక అమెరికన్ ఆవిడ ఆ నివేదిక రాసిన మనిషితోనే మాట్లాడతానంది. టీమ్ లీడర్ తన కుర్చీ నా వైపు జరిపాడు.

"కొనేవాళ్లు ఎవరు, ఓటేసేవాళ్లు ఎవరు అని విడిగా చూడటం ఎక్కడ నేర్చుకున్నారు?" అని ఆవిడ అడిగింది.

"మా అమ్మ దగ్గర," అన్నాను. "ఆమె ఆరోగ్య సేవిక. రోజూ ఇంటింటికీ తిరుగుతుంది."

"ఎక్కడ?"

కాలేజీలో చేరినప్పటినుంచీ ఎవరు అడిగినా ముంబై సెంట్రల్ దగ్గర అనే చెప్పేదాన్ని. మా పేట పేరు వినగానే రెడ్‌లైట్ వీధులు గుర్తొచ్చి ఎదుటివాళ్ల ముఖంలో వచ్చే మార్పు చూడటం ఇష్టం లేక. ఈ టీమ్ లీడర్‌కు కూడా అంతే చెప్పాను. ఆ రోజు మాత్రం నోట అసలు పేరే వచ్చింది.

"కామాటిపురలో. మేముండేది అక్కడే. ఈ నగరంలో ఇళ్లు, రోడ్లు కట్టడానికి వచ్చిన తెలుగు కూలీలను కామాటీలు అనేవారు. వాళ్ల పేరే మా పేటకు పెట్టారు. మా తాత కూడా ఆ పనికే వచ్చాడు."

ఆవిడ ఆ పేరును రెండుసార్లు పలికి, స్పెల్లింగ్ అడిగి రాసుకుంది. వచ్చే ఏడాది ఇంకో రాష్ట్రపు ప్రైమరీకి కూడా నన్నే రాయమంది. కాల్ అయిపోయాక టీమ్ లీడర్ నా వైపు తిరిగాడు.

"పుట్టినప్పటినుంచి ఈ పేరు వింటున్నాను. దాని అర్థం ఇదని నాకు తెలియదు," అన్నాడు. నిజంగానే సిగ్గుపడ్డాడు. నేను మాత్రం వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను.

ఇంటికెళ్లి ఇదంతా చెబితే అమ్మ రిజిస్టరులోంచి తలెత్తలేదు. చివరంటా విని, "ఐతారం చుక్కల మందు ఉంది. నాతోని రా. నాలుగు ఖోలీలు తిరుగు. ఆఫీసుల కూసోని కూసోని మర్చిపోతవ్," అంది.

వెళ్లాను. ఐస్ డబ్బా నేను మోశాను. అమ్మ తలుపు తట్టేది, పేరు పెట్టి పిలిచేది, మాటల్లో పెట్టి పసివాడి నోరు తెరిపించేది. గల్లీ చివర ఒక ఇల్లాలు ఒళ్లో పాపతో తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసింది.

"ఈమె ఎవరక్కా? కొత్త సేవికనా?"

"నా బిడ్డ," అంది అమ్మ, రెండు చుక్కలు వేసి పాప వేలికి గుర్తు పెడుతూ. "అమెరికోళ్లకు ఎవరు గెలుస్తరో లెక్క గట్టి చెప్తది."

"అవునా! అయితే మన వార్డుల ఎవరొస్తరు చెల్లే, చెప్పు?"

నేను నోరు తెరిచేలోగా అమ్మ రిజిస్టరు మూసింది.

"మన వార్డుది దానికేమెర్క? అది నన్నడుగు," అని పక్క తలుపు తట్టింది.