ఊగుడు ఆగినంక

అబుదాబి రువైస్‌లో ఒక మనిషికి మాటిచ్చి తప్పాను. నలభై ఏళ్ళు దాటింది. ఆ మనిషి పోయిన మంగళవారం జగిత్యాల దగ్గర తన ఊళ్ళో కన్నుమూశాడని కొడుకు ఫోన్ చేశాడు.

మేమంతా ఆయన్ని రిగ్గరన్న అనేవాళ్ళం. క్రేను ఎత్తిన బరువును చేతి సైగలతో కిందికి దింపించడం ఆయన పని. ఏనుగంత మోటారు కూడా గాజుగ్లాసు పెట్టినట్టు దిమ్మె మీద కూర్చునేది. నేను సైటాఫీసులో గుమాస్తాని.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరం సముద్రపు రాతికట్ట మీదికి చేపలకి వెళ్ళేవాళ్ళం. దేశం వెళ్ళిపోతూ ఒక ఇంగ్లిష్ ఇంజనీరు ఇచ్చిన గడ ఆయన దగ్గరుండేది. దాని గాలానికి ఎర గుచ్చరు. మెస్సులో కోసిన కోళ్ళ ఈకల్ని గాలానికి చుట్టి చిన్నచేపలా తయారుచేసేవాడు. రాళ్ళ సందుల్లో నక్కే చేపని ఇంజనీరు బాస్ అనేవాడట, అరబ్బులు హమూర్ అంటారు. నెత్తిమీద ఏదైనా టప్పున పడిందా, అది ఇక బయటికి రాదు.

నాకు ఓపిక తక్కువ. గడ వెనక్కి వెళ్ళీ వెళ్ళకముందే ముందుకు లాగేవాణ్ణి. దారం ఫట్‌మని, ఈక తెగి ఎటో ఎగిరిపోయేది.

“గదేంది తమ్మీ, కొరడా కొడుతున్నవా? అవి చేపలు, ఎడ్లు గాదు.”

“మరెలా వెయ్యాలన్నా?”

“ఏసుడు గాదు, దించుడు. ఎనక దారం మొత్తం సాగనియ్యి. గప్పుడు ముందుకు. గడను నీళ్ళకు కొట్టకు, జర మీదనే ఆపు. దారం పరుసుకుంటది, ఈక ఆఖర్న దిగుతది. దిగినంక నీళ్ళు సల్లవడేదాకా ఊకో.”

ఆ ఊరుకోవడమే నాకు రాలేదు. “ఈకైనా మోటరైనా ఒకటే తమ్మీ, ఊగుడు ఆగినంకనే దించాలె” అని నవ్వేవాడు.

ఒకరోజు గాలి లేచింది. క్రేనుకి వేలాడే మోటారు ఊగుతోంది. రిగ్గరన్న ఎడమ చెయ్యెత్తి ఆపమన్నాడు, కుడిచేత్తో మోటారుని నిలబెడుతున్నాడు. వెనక మా సూపరింటెండెంటు, మన తెలుగువాడే, అరిచాడు: “ఎంతసేపయ్యా! యల్లా, దించెయ్!” అని తనే సైగ చేశాడు. క్రేనువాడు దించాడు. దిమ్మెకీ మోటారుకీ మధ్య ఆ కుడిచెయ్యి ఉంది.

ఆస్పత్రిలో ఆయన నన్ను అడిగింది ఒక్కటే. “తమ్మీ, నేను తప్పు సైగ జెయ్యలే. గది రాయి.”

“రాస్తానన్నా.”

నా వీసా కాగితం సంతకం కోసం సూపరింటెండెంటు బల్ల మీద ఉంది. ప్రమాదం రిపోర్టులో కారణం అన్న గడిలో “రిగ్గరు ఏమరుపాటు” అని రాయమన్నాడు. రాశాను. తర్వాత ఇంటినిండా పుస్తకాలు చదివాను, ఆ రెండు మాటలు మరిపించిన పుస్తకం ఒక్కటీ దొరకలేదు.

ఆయన్ని ఇంటికి పంపేసే ముందు శుక్రవారం రాతికట్ట మీదికి రమ్మన్నాడు. కుడిచేతికి కట్టు. “రాసినవ్ గద?” అన్నాడు. అవునన్నట్టు తలూపాను. ఎడమచేత్తో గడ అందుకున్నాడు. దారం వెనక్కి సాగింది, ఆగింది, ముందుకు పరుచుకుంది. ఈక దిగిన చోట నీళ్ళు కదల్లేదు.

ఫోన్లో కొడుకు అన్నాడు: “బాపు ఎప్పుడూ చెప్తుండె సార్. రిపోర్టుల మీరు నిజం రాసిన్రని.”

ఆ సాయంత్రమే సూపరింటెండెంటు పాత మిత్రులందరికీ సంతాపం పంపాడు. “మంచి పనివాడు. ఒక్క క్షణం ఏమరుపాటు.”

రిగ్గరన్నా, ఆ ఈక దిగిన నీళ్ళు నాకింకా కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ళూ ఆగాను. ఇప్పుడు ఆ గడిలో రాస్తున్నాను. కారణం: బరువు ఊగుతుండగా దించమన్న సూపరింటెండెంటు సుదర్శనం.