పెద్దసారు బూట్లు

పశువుల పరిశోధనాలయంలో అందరూ ఆమెను పందులక్క అనేవాళ్లు. కోళ్ల మీద పనిచేసేవాణ్ణి కోళ్లన్న అని ఎవరూ పిలవరు. పందుల మాటెత్తితేనే లోకానికి ఎక్కడలేని నవ్వు వస్తుంది. ఆమె ఆ నవ్వును ఏనాడో అరిగించుకుంది. "పందులక్కా, భోజనానికి రా" అంటే వెళ్లి కూర్చునేది.

ఆమె పనంతా పందులకొచ్చే రక్తవిరేచనాల మీద. ఆ క్రిమి పంది పెద్దపేగులో కాపురం పెడుతుంది. తడి పెంటలో వారాల తరబడి బతికే ఆ మొండిది, పళ్లెంలో పెంచబోతే మాత్రం అలిగిన అల్లుడైపోతుంది. రక్తం కలిపిన పళ్లెం కావాలి, గాలి తీసేసిన డబ్బా కావాలి, వెచ్చదనం కావాలి, అన్నీ అమర్చాక రోజులకు రోజులు ఎదురుచూడాలి. పెరిగిందంటే ఎర్రటి పళ్లెంలో అక్కడక్కడ గాజులా తేటపడుతుంది. పాత మందులకు లొంగని రకం ఒకటి ఈమధ్య కొత్తగా బయల్దేరింది. ఆమె పడ్డది దాని వెంటే.

వాళ్ల అన్నయ్యకు ఊరి బయట పందుల ఫారం ఉండేది. నాన్న పోయాక ఆమెను చదివించింది అన్నయ్యే. "నిన్ను చదివించింది ఈయన కాదు, మా ఆడపందులు. వాటికి దణ్ణం పెట్టుకో" అని వదిన ఆటపట్టించేది.

పరిశోధనకు జబ్బులేని పందుల పెంట కూడా కావాల్సి వచ్చింది, పక్కన పెట్టి పోల్చడానికి. "మీ అన్నగారి ఫారం ఉందిగా, వేరే ఎక్కడో ఎందుకు?" అన్నాడు ఆ పరిశోధన నడిపించే పెద్దసారు. ఆమె సంబరపడిపోయింది. తను ఇంత పెద్దమనిషితో కలిసి పనిచేస్తోందని అన్నయ్యకు చూపించుకోవాలని ఆమెకూ ఉంది మరి.

పెంట తేవడానికి బయల్దేరిన ఉదయం, ముందు జబ్బుపడ్డ ఫారానికి వెళ్లారు. అక్కడ నేలంతా నెత్తుటి జిగురు. అట్నుంచి అటే అన్నయ్య ఫారానికి వచ్చారు. గేటు దగ్గర కాళ్లు ముంచే మందునీళ్ల తొట్టి, పక్కన వరసగా రబ్బరు బూట్లు. ఆమె తన బూట్లు విప్పి అక్కడివి తొడుక్కుంది. పెద్దసారు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ తొట్టి పక్కనుంచి నడిచి లోపలికి వెళ్లిపోయాడు.

"సార్, బూట్లు..." అంది ఆమె.

"పది నిమిషాల పనమ్మా" అన్నాడాయన, వెనక్కి తిరక్కుండానే.

"పోనీలేవే, పెద్దవారు" అన్నాడు అన్నయ్య మొహమాటంగా. ఆమె ఇక నోరెత్తలేదు.

కొన్నాళ్లకు వదిన ఫోన్ చేసింది. "పందులు మేత ముట్టట్లేదమ్మా. పెంటలో జిగురు పడుతోంది, నెత్తురు కూడా." ఆమె పరుగున వెళ్లింది. నిన్నమొన్నటిదాకా బంతుల్లా ఉన్న పందిపిల్లలు డొక్కలు లోపలికి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాయి. నీళ్లలో మందు కలిపారు, మందు మార్చారు, గుణం కనబడలేదు. పెంట తీసుకెళ్లి అందులోని క్రిమిని పెంచింది. డబ్బా మూత తీసేసరికి పళ్లెంలో తేట మచ్చలు. జన్యువులు పోల్చి చూస్తే, ఆ ఉదయం చూసిన ఫారంలోదే, అచ్చు గుద్దినట్టు అదే రకం.

ఫలితం పెద్దసారు ముందు పెట్టింది.

"ఎలుకలు మోసుకొచ్చి ఉంటాయి" అన్నాడాయన.

"అంత దూరం ఎలుకలు రావు సార్. వెళ్లింది మనం."

ఆయన లేచి తలుపు మూశాడు. "నువ్వూ ఉన్నావు కదమ్మా. తెచ్చింది నీ బూట్లు కాదని రుజువుందా?"

బూట్లు మార్చుకున్న మనిషి దగ్గర మార్చుకున్నానన్న మాట తప్ప ఇంకేం రుజువుంటుంది? ఆమె బయటికొచ్చేసింది.

అన్నయ్యకు మాత్రం దాచలేదు. షెడ్డు ముందు నిలబడే అంతా చెప్పింది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మీ సారు అడుసూ తొక్కాడు, కాలూ కడగలేదు" అన్నాడతను. "నువ్వు చూశావా?"

"చూశాను."

"చూసి?"

"నువ్వే కదా అన్నయ్యా, పోనీలే అన్నావు."

"నాకు తెలీక అన్నానే. నీకు తెలుసు."



జబ్బు వదలాలంటే ఒక్క పందిని కూడా ఉంచకూడదు. ఆ సంగతి కూడా ఆమే చెప్పాల్సి వచ్చింది. కబేళా లారీ వచ్చిన పూట వదిన వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆడపందుల్ని అన్నయ్యే వీపు నిమురుతూ ఎక్కించాడు. షెడ్లు కడిగించాడు, సున్నం కొట్టించాడు, మళ్లీ పందుల్ని తేలేదు. ఇప్పుడక్కడ ఎవరివో సిమెంటు బస్తాలు పెట్టుకుంటున్నారు. అన్నయ్య దాణా కంపెనీలో వ్యాను నడుపుతున్నాడు. ఊళ్లో ఫారాలన్నిటికీ బస్తాలు దింపుతాడు, గేటు మాత్రం దాటడు.

పరిశోధన వ్యాసం అచ్చయింది. అందులో అన్నయ్య ఫారం పేరు 'రెండో ఫారం'. జబ్బు ఎలా వచ్చిందో తేలలేదని రాశారు. అచ్చుకు ముందే ఆమె తన పేరు తీసేయమంది. బతిమాలతాడేమో, కనీసం తగువైనా పెట్టుకుంటాడేమో అనుకుంది.

"నీ ఇష్టం" అన్నాడు పెద్దసారు.

పేరు పోయింది. ఆమె పెంచిన క్రిమి, ఆమె తీసిన ఫొటోలు, అన్నీ చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఉద్యోగం మానేద్దామని చాలాసార్లు అనుకుంది. ఆ క్రిమి తప్ప మరో విద్య రాదు, ఆ డబ్బాలు ఇంకెక్కడా లేవు. ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది.

మొన్న అన్నయ్యకు ఒంట్లో బాగాలేదని తెలిసి చూడ్డానికి వెళ్లింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి "ఏమే", "ఒసే" తప్ప వేరే పిలుపు ఎరగని మనిషి, మంచం మీద లేచి కూర్చుని కుర్చీ చూపించాడు.

"రండి, కూర్చోండి" అన్నాడు.

వదిన తల తిప్పుకుంది. ఆమె కాసేపు కూర్చుని, తెచ్చిన పళ్లు బల్లమీద పెట్టి వచ్చేసింది.